మన పార్సర్ మనకే కావాలె

ఆ రోజుల్లో మా వైపు ఒక మనిషి ఒక్కడే కూర్చొని ఒక నిర్ణయం తీసుకోవడమంటే దాదాపు మర్యాద తక్కువ పని. జనగామ, మానుకోట, భూపాలపల్లి ఇప్పుడు వేరువేరు జిల్లాలైనాయి గాని అప్పుడన్నీ ఒకే వరంగల్ జిల్లా, ఒకే నినాదం. తెలంగాణ కోసం ఊరూరా కమిటీలు వెలిశాయి. వకీళ్లకొక జేఏసీ, పంతుళ్లకొకటి, ఆటోవాళ్లకొకటి, ఇస్త్రీ బండ్లవాళ్లకొకటి. ఏది తేల్చుకోవాలన్నా రౌండ్ టేబుల్ సమావేశం, ఏది అడగాలన్నా వినతిపత్రం. హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉందని వంటాయనకు వినతిపత్రం ఇచ్చి గడువు పెట్టిన ఘనులం మేము. (గడువు దాటింది, సాంబారు మారలేదు. మేమే అలవాటు పడ్డాం.) అలాంటి కాలంలో మా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఒక లైబ్రరీ ఎంచుకోవలసి వచ్చింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, మనం తెచ్చి వాడుకుంటాం. తెలివైనవాళ్లు అర పూటలో తేల్చుకునే పని. మేము జేఏసీ పెట్టాం.

మేము అంటే ముగ్గురం. కాలేజీలో ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. మానుకోట అనే అమ్మాయిది ముస్లిం కుటుంబం, ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ. నినాదం ఎత్తుకుందంటే మైకు అక్కర్లేదు. భూపాలపల్లి నెమ్మదస్తుడు, బొగ్గు గని కార్మికుడి కొడుకు, ముఖం చూసి ఏమీ కనిపెట్టలేం. నేను జనగామ, బస్సు డ్రైవర్ బిడ్డను. బందులతో పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి, మా ప్రాజెక్టు పరీక్ష సరిగ్గా పెద్ద సమ్మె నడుమకు వచ్చి కూర్చుంది. మా నాయిన బస్సు ఆపాడు. భూపాలపల్లి వాళ్ల నాయిన బొగ్గు తవ్వడం ఆపాడు, దాంతో కరెంటు కోతలు మొదలయ్యాయి. మానుకోట వాళ్ల అన్న పట్టాల మీద కూర్చొని రైలు ఆపాడు. మాకు గైడుగా ఉన్న సారు ఈ సంగతి విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అంటే ఏంటమ్మా, మీ మూడిళ్లవాళ్లూ కలిసి నా ప్రాజెక్టు రివ్యూ ఆపేశారన్నమాట!"

ఆ సారుది గోదావరి జిల్లా. అందుకే మాకు ఆయన గోదావరి సార్. తెల్లచొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా, ప్రతి మాట చివర ఒక సాగతీత. బందు రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్లు చాలామంది సెలవు పెట్టి ఊళ్లకు వెళ్లిపోతే ఈయన మాత్రం పాలకుర్తి రోడ్డులో అద్దె గదిలోనే ఉండిపోయి, రోజూ నడిచి కాలేజీకి వచ్చేవాడు. ఎందుకు సార్ అంటే, "ఇంటికెళ్తే మా ఆవిడ బీరువాలు జరపమంటుందమ్మా" అనేవాడు.

నాకు ఆ ప్రాజెక్టు ఆట కాదు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు కాలేజీకి వచ్చి నన్ను ఎంచుకున్నారు. ఈ విడతలో డిగ్రీ చేతికొస్తేనే ఉద్యోగం, లేకపోతే లేదన్నారు. సమ్మెలో ఉన్న నాయినకు జీతం లేదు. అమ్మ అప్పటికే నర్మెట్ట నుంచి లింగాల ఘనపూర్ దాకా ఉన్న చుట్టాలందరికీ "మా పెద్దబిడ్డకు నౌకరి ఒచ్చింది" అని చెప్పేసింది. వాళ్లలో ఒకరిద్దరు తమ పిల్లలకు కూడా అక్కడే చూడమని నాకు పురమాయించారు. ప్రాజెక్టు పరీక్ష తప్పితే ఆ ఉద్యోగం పోతుంది, ఇంటి ఆశా పోతుంది, ఆపైన చుట్టాలకు ముఖం చూపించే దారీ ఉండదు. ఇది తలచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

ఇంతకీ ప్రాజెక్టు ఏమిటంటే, ఊరి పేరు కొడితే అక్కడికి వెళ్లే బస్సులు, వాటి వేళలు చూపించే ప్రోగ్రాం. (అవును, బస్సులన్నీ ఆగిన రోజుల్లో. సమ్మెకు ముందే ఒప్పుకున్న పని, మార్చడానికి వీల్లేదన్నారు.) వేళలు నాయినే డిపోలో కనుక్కొని చెప్పాడు. వాటిని ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పద్ధతిలో ఒక ఫైలుగా రాశాం. అదేం పెద్ద విద్య కాదు. సామాను సంచుల్లో కట్టి, ప్రతి సంచికీ ఇక్కడ తెరుచుకుంటుంది, ఇక్కడ మూసుకుంటుంది అని చీటీలు అంటించడం. ఆ చీటీలు చదివి లోపలి సామాను తీసి ఇచ్చే ప్రోగ్రాంను పార్సర్ అంటారు. పార్సర్ల లైబ్రరీలు ఊరికే దొరుకుతాయి, అదీ రకరకాలవి. గోదావరి సార్ ఒకటి చూపించి, "ఇది పెట్టుకోండమ్మా. ఫైలంతా ఒక్కసారి చదివేసి, ఏ సంచిలో ఏ సంచి ఉందో వరస చెడకుండా మీ ముందు పెడుతుంది. మీరు కావలసింది తీసుకోవడమే" అన్నాడు.

రౌండ్ టేబుల్ క్యాంటీన్‌లో జరిగింది. (టేబులు నలుచదరం. అధ్యక్షురాలు మానుకోట, తనకు తానే.) భూపాలపల్లికి ఇంకో లైబ్రరీ నచ్చింది. "గిదైతే ఫైలంత నెత్తిన పెట్టుకోదు. గనిల బొగ్గు డబ్బాలు ఒక్కొక్కటొచ్చినట్టు, సంచి తెరిసినప్పుడు ఒక కేక, మూసినప్పుడు ఒక కేక ఏస్తది. మన కంప్యూటర్ ముసల్ది, దానికి గిదే నయం" అన్నాడు. మానుకోటకు మూడోది కావాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఎవరో దాన్ని చాలా పొగిడారట. నాకు మనసులో సార్ చెప్పిందే బాగుందనిపించింది. ఆ మాట మెల్లగా బయటపెట్టాను. అంతే, మానుకోట చాయ్ గ్లాసు టక్కున కింద పెట్టింది.

"క్యా బాతాం కర్రీ తూ! ఏం మాటలే గివి! అరె, ఇన్నేండ్ల సంది మనకేం కావాల్నో గాళ్లే చెప్పిరి. నీళ్లు గాళ్లే పంచిరి, నౌకర్లు గాళ్లే పంచిరి. ఇగ పార్సర్ గూడ గాళ్లే చెప్పాల్నా?"

"సార్ మంచోడు గదనే" అన్నాను.

"మంచోడే. నేనేమన్న చెడ్డోడన్ననా? గని లైబ్రరీ గోదావరిది."

భూపాలపల్లి వేళ్లు మడిచి లెక్కపెడుతూ, "సార్ లైబ్రరీ ఒద్దంటే, నాది మీకు ఒద్దు, నీది మాకు ఒద్దు. ఇగ మిగిలింది ఒక్కటే. మనమే రాస్కుందాం" అన్నాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ క్షణంలో అది ఎంత గొప్పగా వినిపించిందో ఇప్పుడు చెప్పినా నమ్మరు. పక్క టేబుళ్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మానుకోట లేచి నిలబడి పిడికిలి ఎత్తింది. "మన పార్సర్..." అంటే క్యాంటీనంతా "మనకే కావాలె!" అంది. బజ్జీలు వేసే ఆయన కూడా గరిటె ఎత్తాడు. ఆ గరిటె చూశాక నాకూ ఆవేశం వచ్చి, అందరికంటే ఎక్కువగా గొంతు చించుకున్నాను.

మరునాడు సార్‌కు వినతిపత్రం ఇచ్చాం. ఆయన కళ్లద్దాలు సర్దుకొని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నవ్వలేదు. "ఆయ్. ఆత్మగౌరవం గురించి రాసిన పేరా బావుందమ్మా. మరి మీ పార్సర్‌లో తప్పులొస్తే?" అన్నాడు. "తప్పులు గూడ మాయే సార్" అంది మానుకోట. "అదైతే ఖాయమమ్మా" అని ఆయన వినతిపత్రం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. మేం బయటికి వచ్చి విజయం సాధించినట్టు చేతులు కలుపుకున్నాం.

రాయడం అనుకున్నంత కష్టంగా లేదు, అదే మా కొంప ముంచింది. తెరిచే చీటీ కనబడితే సంచి తెరువు, మూసే చీటీ కనబడితే మూసెయ్యి. నాలుగు ఊళ్లు పెట్టి చూస్తే గడగడా చదివింది. మధ్యమధ్యలో కరెంటు పోయేది. పోయినప్పుడల్లా నేనూ మానుకోటా భూపాలపల్లి వైపు చూసేవాళ్లం. "మా నాయిన బొగ్గు తియ్యకపోతే గిట్లనే ఉంటది మరి" అనేవాడు వాడు, కొంచెం గర్వంగా. ఇంటికి వెళ్లి నాయినకు చెప్పాను. పార్సర్ అంటే ఏమిటో ఆయనకు బొత్తిగా అర్థం కాలేదు, గాని సార్ ఇచ్చింది కాదని సొంతంగా రాస్తున్నామన్న మాట మాత్రం నేరుగా గుండెకు తాకింది. "శెబాష్ బిడ్డా!" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రం డిపో ముందు సమ్మె టెంటులో మైకు పట్టుకొని, "మన పిల్లలు ఇయ్యాల సొంతంగ పార్సర్ తయారు చేస్తున్రు! ఎవల మీద ఆధారపడకుంట!" అని ప్రకటించేశాడు. టెంటంతా జై కొట్టింది. దారిలో ఒక కండక్టరన్న నన్ను ఆపి, అది నీళ్ల మోటరుకు పెట్టేదా లేక ట్రాక్టరుకు పెట్టేదా అని అడిగాడు. నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక వెనక్కి తగ్గడానికి దారి లేకుండాపోయింది.

పరీక్షకు ముందురోజు ఫైలు మొత్తం పార్సర్‌కు ఇచ్చాం. నేను జనగామ అని కొట్టాను. "ఈ ఊరికి బస్సులు లేవు" అని వచ్చింది. నర్మెట్ట కొట్టాను. బస్సులు లేవు. మానుకోట తన అత్తగారి ఊరివైపు ఉంటుందని గంగారం కొట్టింది. (పెళ్లి ఇంకా కాలేదు, మాటలు నడుస్తున్నాయి.) బస్సులు లేవు. ఏ ఊరు కొట్టినా అదే జవాబు.

"కరెక్టే చెప్తుంది గద. సమ్మె నడుస్తలేదా?" అంది మానుకోట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంగతి కనిపెట్టింది భూపాలపల్లి. ఫైలు మొదట్లోనే ములుగు బస్సు ఉంది. జాతర స్పెషల్ అంటే వేరే బస్సు కాదు బిడ్డా, గదే ములుగు బస్సును జాతరకు మేడారం దాక పొడిగిస్తరు అని నాయిన చెప్పాడు కదా అని, జాతర బస్సు సంచిని ములుగు బస్సు సంచి లోపలే పెట్టాం. మా పార్సర్‌కు సంచిలో సంచి తెలియదు. లోపలి సంచి మూసుకోగానే బయటిది మూసుకుందనుకుంది. తరువాత బయటి సంచి మూసే చీటీ కనబడేసరికి, తెరవని సంచిని మూయడమేమిటని బెదిరి, పని మొత్తం ఆపేసి కూర్చుంది. అమ్మవార్ల జాతర దగ్గర ఆగిపోయి, ఆ తరువాత ఉన్న ఊళ్లను వేటినీ చూడనే లేదు. బాగు చెయ్యాలని ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట చెడింది. మధ్యాహ్నానికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కంపెనీ, అమ్మ, చుట్టాలు, టెంటులో నాయిన కొట్టించిన జై, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. "నా నౌకరి పోతదే" అని మానుకోట భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

మానుకోట చున్నీతో నా కళ్లు తుడిచింది. తరువాత, "సార్ లైబ్రరీ యాడున్నది?" అని అడిగింది. వెతికితే ల్యాబు కంప్యూటర్‌లోనే దొరికింది. మేము వినతిపత్రం ఇచ్చిన రోజే ఆయన దాన్ని తెచ్చి ఒక మూల పెట్టి, మాకు చెప్పకుండా వెళ్లాడట. కాని పట్టుదల అంత తొందరగా చావదు కదా. "గోదావరిదాన్ని ఎట్ల తీసుకుందుం?" అని తనే మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు భూపాలపల్లి ఆ లైబ్రరీ రాసినవాళ్ల పేర్లున్న చోటు తెరిచాడు. పేర్లు వస్తూనే ఉన్నాయి. నోరు తిరగని పేర్లు, ఏ దేశంవో తెలియని పేర్లు. మానుకోట వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. "జర మంచిగ చూడు. యాడన్న కాకినాడ, భీమవరం అని ఉన్నదా?" లేదు. ఒక్కటి కూడా లేదు. "అంటే ఇది సార్‌ది గాదా?" అంది ఆశ్చర్యంగా. "సార్ గూడ మనలెక్కనే ఊకె తెచ్చుకున్నడే" అన్నాడు భూపాలపల్లి. అరగంటలో అత్యవసర సమావేశం జరిగింది. "విదేశీ సోదరుల సహకారాన్ని గౌరవంగా స్వీకరిస్తున్నాం" అని తీర్మానం. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు, మేమే కొట్టుకున్నాం. సాయంత్రానికల్లా జనగామకు బస్సులు వచ్చాయి, కంప్యూటర్‌లో.

పరీక్ష చెయ్యడానికి వరంగల్ నుంచి ఒక పెద్దాయన స్కూటరు మీద వచ్చాడు. దారిలో మూడు టెంట్ల దగ్గర ఆపి జై తెలంగాణ అనిపించారట, గొంతు కొంచెం బొంగురుపోయి ఉంది. నర్మెట్ట కొట్టమన్నాడు, కొట్టాను. వేళలు వరసగా వచ్చాయి. గంగారం కొట్టమన్నాడు, వచ్చాయి. ములుగు కొడితే జాతర స్పెషల్ కూడా బుద్ధిగా వచ్చి కూర్చుంది. ఆయన తల ఊపి, "బాగనే ఉన్నది. మరి ఇయ్యాల ఈ బస్సులు నడుస్తయా?" అని అడిగాడు.

"నడువయి సార్" అన్నాను.

"ఎందుకు?"

"మా నాయిన ఆపిండు సార్."

ఆయన నావైపు ఒకసారి చూసి, తరువాత గోదావరి సార్ వైపు చూశాడు. గోదావరి సార్ కిటికీ బయటికి చూస్తున్నాడు. మానుకోట మోచేతితో నన్ను పొడిచి, "మన పార్సరే కరెక్టు చెప్పింది గదనే!" అని గొణిగింది. పెద్దాయనకు ఆ గొణుగుడు వినిపించి, ఏమిటని అడిగితే, తను దాచే మనిషి కాదు కనుక మొత్తం కథ చెప్పేసింది. క్యాంటీన్, గరిటె, వినతిపత్రం, కాకినాడ, అన్నీ. ఆయన బొంగురు గొంతుతో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మేము ముగ్గురం పాసయ్యాం.

కాని టెంటులో ఎవరు చెప్పాలి? ఆ సాయంత్రం నాయిన పక్కన కూర్చొని, "నాయినా, మన పార్సర్ నడువలే. సార్ ఇచ్చినదానితోటే పాసైనం" అన్నాను. "నౌకరి?" అన్నాడు నాయిన. ఉంది అన్నాను. ఆయన కండువాతో ముఖం గట్టిగా తుడుచుకొని, "రేపు పొద్దుగాల గా సార్‌ను ఈడికి తోల్కరా బిడ్డా. శాలువ కప్పాలె" అన్నాడు.

సార్‌కు చెబితే ముఖం పాలిపోయింది. "టెంటుకా? నన్నా? ఎందుకమ్మా?" అయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఎప్పటి టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చాడు. శాలువ కప్పించుకొని కాలేజీకి వెళ్లి ఇడ్లీలు తిందామన్నది ఆయన పథకం. టెంటులో ముందు వరసలో చాప మీద ఖాళీ కనబడితే, మర్యాదకు వెళ్లి అక్కడ కూర్చున్నాడు. అది ఆ రోజు రిలే నిరాహార దీక్ష చేసేవాళ్ల వరస. పొద్దున దండ వేసుకొని కూర్చున్నవాళ్లు సాయంత్రం పెద్దమనుషులు నిమ్మరసం ఇచ్చేదాకా ఏమీ తినకూడదు. దండలు వేసే పిల్లలు వరసగా వేసుకుంటూ వచ్చి సార్ మెడలోనూ ఒకటి వేశారు. నాయిన ఇది చూసి పరుగెత్తుకొచ్చేలోపు మైకులో ప్రకటన అయిపోయింది: "గోదావరి జిల్లాల పుట్టి, మన కోసం దీక్షల కూసున్న సార్‌కు ఉద్యమాభివందనాలు!" టెంటు దద్దరిల్లింది. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి దండాలు పెట్టారు.

నేను గబగబా వెళ్లి పక్కన కూర్చొని, "సార్, లేవండి సార్, నేను చెప్తా" అన్నాను. ఆయన దండ సర్దుకొని, పెదాలు కదపకుండా, "వద్దమ్మా. ఇంతమంది దండం పెట్టాక ఇప్పుడు లేస్తే బావుండదు" అన్నాడు. కాసేపాగి, "ఆ నిమ్మరసం ఎన్నింటికిస్తారమ్మా?" అని అడిగాడు. డబ్బా నా చేతికిచ్చి, ఇడ్లీలు పాడవకముందే ఎవరికైనా పెట్టమన్నాడు. మధ్యాహ్నం ఆయనను మాట్లాడమన్నారు. నిలబడి, మైకును రెండు చేతులతో పట్టుకొని, "నాకు ఉపన్యాసాలు రావండి. ఈ పిల్లలు నేనిచ్చింది వద్దని సొంతంగా రాశారండి. అది చెడిపోయిందండి. అయినా రాశారండి. నా చదువులో నేనెప్పుడూ రాయలేదండి" అన్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందరూ జై కొట్టారు. సాయంత్రం నాయిన తన చేతులతో నిమ్మరసం ఇచ్చాడు. ఆయన ఒక్క గుక్కలో తాగి, ఇంకోటి దొరుకుతుందా అని అడిగాడు.

రాష్ట్రం వచ్చే నాటికి ఆయన సొంత ఊరి దగ్గర కాలేజీకి వెళ్లిపోయాడు. నేను హైదరాబాదులో అదే ఉద్యోగంలో ఉన్నాను. వీధుల్లో పటాకులు పేలుతున్న ఆ సాయంత్రం ఫోను మోగింది. "ఏమ్మా జనగామా, మీ రాష్ట్రం వచ్చేసిందటగా!" అదే సాగతీత. "ఒచ్చింది సార్" అన్నాను. "ఆయ్. అందులో నా వాటా మర్చిపోకండమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పస్తున్నాను" అన్నాడు. నవ్వేశాను. "మర్చిపోం సార్" అన్నాను. ఆయన ఇచ్చింది తీసుకుంటే ఏమైపోతామోనని అందరికంటే ఎక్కువగా గొంతు చించుకున్న అప్పటి జనగామ పిల్ల ఎక్కడుందో గాని, ఆ రాత్రి కనబడితే నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, దగ్గరికి తీసుకొని ఉండేదాన్ని.